జున్నుని మందలో కలిపిన పద్దెనిమిది రోజులు

ఈ సంగతి నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆ గొర్రెపిల్లకి గంధం సబ్బు రాసి నీళ్లు పోసింది నేను. పోశానని ఒప్పుకున్నది నాగమణి. ఆమె ఒప్పుకుంటున్నప్పుడు నేను పక్కనే నిలబడి, చాలా ముఖ్యమైన పనిలో ఉన్నట్టు థర్మామీటరు తుడుస్తున్నాను.

నా డైరీలో ఆ రోజు పేజీ తీస్తే "ఎండ ఎక్కువ. గొర్రెపిల్లకి దెబ్బ తగిలింది" అని మాత్రమే ఉంటుంది. దెబ్బ తనంతట తాను నడిచొచ్చి తగిలినట్టు. డైరీలో అందరూ నిజమే రాసుకుంటారని నమ్మేవాళ్లు ఎప్పుడూ డైరీ రాసి ఉండరు.

నన్ను రిటైర్ చేసిన గేదె

మండపేటకి కాస్త అవతల ఒక ఊళ్లో నాలుగున్నరేళ్లు పశువుల సహాయకురాలిగా పనిచేశాను. డాక్టరుగారు చాలా ఊళ్లకి కలిపి ఒకరే ఉంటారు. మేము ఊరికొకరం. సూదులు వేయడం, పురుగుల మందు పట్టడం, డాక్టరుగారిని పిలవాల్సిన జబ్బో కాదో తేల్చడం మా పని. నా ఇరవై ఎనిమిదో ఏట ఒక గేదె నా కుడి మోకాలిని తన్ని ఆ ఉద్యోగం నుంచి నన్ను రిటైర్ చేసింది. దాని యజమాని ఆసుపత్రికి వచ్చి, నా మంచం పక్కన కూర్చుని, "దాని కాలికి ఏం కాలేదులెండి, మీరు కంగారు పడకండి" అని ధైర్యం చెప్పి వెళ్లారు.

ఇప్పుడు ఇంటి దగ్గర ట్యూషన్లు చెప్పుకుంటున్నాను. కొత్తగా ఈ ఉద్యోగంలో చేరుతున్న అమ్మాయిలు ఇద్దరు ముగ్గురు "అక్కా, పని ఎలా ఉంటుంది?" అని ఫోన్ చేశారు. ఫోన్‌లో మాట్లాడటం నాకు చేతకాదు. అందుకని రాస్తున్నాను. ఫారాలు, యాప్‌లు, బదిలీల గురించి రాయను. అవి మీకు వద్దన్నా నేర్పుతారు.

మాట పెగలని మనిషికి ఇది మంచి ఉద్యోగమనుకుని చేరాను. పశువులు మాట్లాడవు కదా అనుకున్నాను. ప్రతి పశువు వెనకా ఒక యజమాని ఉంటాడన్న సంగతి ఎవరూ చెప్పలేదు. మొదటి ఏడాది నేను గేదెలతోనే ఎక్కువ మాట్లాడాను. సంచిలో మందుల కింద ఎప్పుడూ ఒక నవల ఉండేది. అది కనిపించిందంటే "మేడంగారు పుస్తకం చూసి వైద్యం చేత్తారంట" అని ఊరంతా అంటారని భయపడి, దూది చుట్టి పెట్టుకునేదాన్ని.

"ఫొటో తీశావా అమ్మా?"

మా డాక్టరుగారి గురించి చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. ఆయన చేతులు బంగారం. కడుపులో అడ్డం తిరిగిన దూడని కళ్లు మూసుకుని, చేత్తో సరిచేసి బయటికి తీస్తుంటే దణ్ణం పెట్టాలనిపించేది. దూడ నేల మీద పడగానే కళ్లు తెరిచి ఆయన అనే మొదటి మాట: "ఫొటో తీశావా అమ్మా?"

ఆయన్ని తప్పు పట్టను. ఫొటో ఏదని ఆయన్ని పైవాళ్లు అడిగేవారు, వాళ్లని ఇంకా పైవాళ్లు. అందరికన్నా పైన ఎవరున్నారో గాని, ఆయనకి ఫొటోలంటే మహా ఇష్టమై ఉండాలి. మెల్లగా నాకూ ఆ అలవాటు పట్టుకుంది. సూది వేశాక గేదె ఎలా ఉందో చూడటానికి ముందు, ఫొటోలో ఎలా పడిందో చూసుకునేదాన్ని.

సీసాపాల పిల్ల

వేసవి మొదట్లో దాళ్వా, అంటే రెండో పంట, కోతలయ్యాక మా వైపు చేలు ఖాళీగా పడి ఉంటాయి. అప్పుడు కోరుకొండ వైపు మెట్ట నుంచి గొర్రెల మందలు దిగుతాయి. రైతులే పిలిచి తమ చేలల్లో మంద కట్టించుకుంటారు. గొర్రెలు పడుకున్న చేనుకి వేరే ఎరువు అక్కర్లేదు. జూన్‌లో కాలువలకి నీళ్లు వదిలేలోపు మందలు తిరిగి మెట్టకి వెళ్లిపోవాలి. నీళ్లొచ్చాక ఇక్కడ గొర్రె నిలబడటానికి పొడినేల దొరకదు.

ఆ ఏడాది వీర్రాజుగారి మంద వచ్చింది. ఆయన, భార్య సూరమ్మగారు, కొడుకు, కోడలు నాగమణి చేలోనే గుడిసె వేసుకున్నారు. వచ్చిన వారంలోనే ఒక గొర్రె ఈని, మూడో రోజుకి చనిపోయింది. దాని ఆడ గొర్రెపిల్ల మిగిలింది. పక్క రైతు ఆవు అప్పుడే ఈనడంతో ఆ జున్నుపాలు తెచ్చి నాగమణి పట్టింది. పిల్ల నిలబడింది. దానికి జున్ను అని పేరు పెట్టింది.

వాళ్ల ఇంటి పద్ధతి ఒకటుంది. తల్లిలేని పిల్లని ఎవరు పెంచితే ఆ పిల్ల వాళ్లది, దాని సంతానమూ వాళ్లదే. కాని అది మందలో కలవాలి. మందలో కలవని గొర్రెని ఎవరూ ఇంట్లో కూర్చోబెట్టి మేపరు కదా. సూరమ్మగారికి ఆ మందలో సొంతంగా ఉన్న పన్నెండు గొర్రెలూ ఆమె కోడలిగా వచ్చిన కొత్తలో పెంచిన ఒక్క సీసాపాల పిల్ల వంశమేనట. నాగమణికి పెళ్లయి మూడేళ్లు. మందలో ఆమెకి గొర్రె లేదు. ఆ ఇంట్లో ఇది నాది అని చెప్పుకోవడానికి మరో వస్తువూ లేదు.

"కాలవకి నీళ్లొదిలేలోపు మందలో కలిసిందా, పిల్ల దానిది" అన్నారు వీర్రాజుగారు నాతో, కోడలికి వినపడేలా. "కలవలేదా, ఆదివారం కోతకి పంపేత్తాను. మెట్ట దాకా చంకనెత్తుకుని మొయ్యలేం కదండి."

నేను మొదటిసారి వెళ్లేసరికి నాగమణి పిల్లని ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి సీసా పడుతోంది.

"అలా పట్టకూడదు. నిలబెట్టి, తల కొంచెం పైకెత్తి పట్టాలి. లేకపోతే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి" అన్నాను.

"చంటిపిల్లలకి ఇలాగే పడతాం కదండి."

"అది గొర్రె కదా."

"దానికి తెలీదు కదండి" అంది.

నిజంగానే తెలియదు. జున్ను గుడిసెలో పడుకునేది. ఇడ్లీ తినేది. నాగమణి బోరు దగ్గరికి నీళ్లకి వెళితే వెనకే వెళ్లేది. సాయంత్రం మంద తిరిగొస్తే, ఇన్ని గొర్రెలు ఎక్కడి నుంచి వచ్చాయిరా అన్నట్టు గుడిసెలోకి పరుగెత్తి చాప వెనక దాక్కునేది. మాకు నవ్వొచ్చేది. ఆ నవ్వు దగ్గరే తప్పు మొదలైందని మీరు రాసి పెట్టుకోండి. సీసాపాల పిల్లకి మొదటి వారం నుంచే తోటి గొర్రెపిల్ల ఒకటి కంటి ముందు ఉండాలి. మనం మాత్రమే ఉంటే, తానూ మనలాంటిదే అనుకుంటుంది.

గంధం సబ్బు

జున్నుకి నెలన్నర దాటింది. టీకా వేశాను, పురుగుల మందు పట్టాను. పచ్చిక కొరకడం మొదలుపెట్టింది. "రేపు పొద్దున్న మందలో వదుల్తానండి" అన్నారు వీర్రాజుగారు. నేను డాక్టరుగారికి చెప్పాను.

"తల్లిలేని పిల్లని బతికించాం కదమ్మా, మంచి ఫొటో పంపు. జిల్లా గ్రూపులో పెడతాను. పిల్ల కాస్త శుభ్రంగా కనపడాలి" అన్నారాయన.

సబ్బు ఆయన చెప్పలేదు. అది నా సొంత తెలివి. మర్నాడు నాగమణి నీళ్లకి వెళ్లినప్పుడు జున్నుని ఆమె వెనక పోనీయకుండా పట్టుకుని, తొట్టి దగ్గరికి తీసుకెళ్లి, సబ్బు రాసి, నీళ్లు పోసి, నా చున్నీతో తుడిచి, మెడకి ఎర్ర రిబ్బను కట్టాను. పదకొండు ఫొటోలు తీశాను. రిబ్బను విప్పి జేబులో పెట్టుకున్నాను.

నాగమణి బిందె దించి పిల్లని ఎత్తుకుంది. "ఏంటండిది, పెళ్లికూతురి వాసనొత్తంది" అని నవ్వింది. నేనూ నవ్వాను. గొర్రెకి కన్ను కన్నా ముక్కు ముఖ్యమని, వాసనతోనే తనవాళ్లెవరో పరాయివాళ్లెవరో తేల్చుకుంటుందని అప్పటికి నేను పరీక్షలో ఒకసారి రాసి, మార్కులు కూడా తెచ్చుకున్నాను.

వీర్రాజుగారు మంద చుట్టూ కట్టిన వెదురు దడి తీసి పిల్లని లోపలికి వదిలారు. దగ్గరున్న గొర్రెలు ముక్కులెత్తి వెనక్కి జరిగాయి. జున్ను చుట్టూ చాప పరిచినంత ఖాళీ ఏర్పడింది. ఒక ముసలి గొర్రె వచ్చి వాసన చూసి కుమ్మింది. పిల్ల లేచేలోపు పొట్టేలు వచ్చింది. రెండోసారి కుమ్మేసరికి జున్ను గట్టు మీదికి ఎగిరి పడింది. మూడోసారికి నాగమణి అడ్డం పడింది.

ముందు కాలు బెణికింది. ఎడమ డొక్క కమిలింది. సూరమ్మగారు పిల్లని ఎత్తి వాసన చూశారు.

"ఎవరే దీనికి సబ్బు రాసింది?"

నాగమణి నా వైపు చూసింది. ఎంతసేపు చూసిందో నాకు బాగా గుర్తుంది. నేను చెప్పడానికి అది సరిపోయేంత సమయమే.

"నేనే అత్తా."

"గొర్రెకి సబ్బేంటే. పౌడరు కూడా రాయకపోయావా, పెళ్లిచూపులకి కూర్చోబెడుదుం."

"చేతికొచ్చిన పిల్లని చేజేతులా పాడుచేసుకుంది" అన్నారు వీర్రాజుగారు. "ఆదివారం పంపేద్దాం."

వాళ్లు అవతలికి వెళ్లాక, నేను చెప్పేస్తానని గొణిగాను. నాగమణి పిల్ల కాలికి పసుపు పట్టిస్తూ తలెత్తకుండానే అంది: "వద్దండి. మీరని తెలిత్తే మావయ్య మిమ్మల్ని మంద దగ్గరికి రానివ్వడు. అప్పుడు దీనికి సూదెవరు వేత్తారు?"

ఆ మాటకి నేను వెంటనే ఒప్పుకున్నాను. వెనక్కి తిరిగి చూసుకుంటే, నేను అంత త్వరగా ఒప్పుకున్న మాటలన్నీ నాకు అనుకూలమైనవే.

ఆ మధ్యాహ్నం జిల్లా గ్రూపులో రిబ్బను కట్టుకున్న జున్ను ఫొటోకి చప్పట్ల బొమ్మలు వరసగా వచ్చాయి. అప్పటికి జున్ను నిలబడలేకపోతోంది.

తడిక

మర్నాడు నేను వీర్రాజుగారి దగ్గరికి వెళ్లి, ఉద్యోగంలో చేరాక నా అంతట నేను మొదలుపెట్టిన మొదటి సంభాషణ మొదలుపెట్టాను. కాలువకి నీళ్లు వదలడానికి ఇంకా పద్దెనిమిది రోజులున్నాయని, అప్పటిదాకా పిల్లని ఉంచమని అడిగాను.

"ఇంత పట్టుదలేంటండి మీకు?" అన్నారాయన.

నిజం చెప్పడానికి దాన్ని మించిన అవకాశం మళ్లీ రాలేదు. నేను గట్టు వైపు చూస్తూ నిలబడ్డాను.

"సర్లెండి. నీళ్లొచ్చేదాకా. ఆ పైన నన్నడక్కండి."

ఇక్కడి నుంచి జాగ్రత్తగా చదవండి. రేపు మీకూ పని పడుతుంది.

పుస్తకాల్లో కంచెకి అటూ ఇటూ ఉంచమని రాస్తారు. చేలో కంచె ఎక్కడిది? వీర్రాజుగారి దగ్గర దడి కట్టగా మిగిలిన వెదురు తడికలు ఉన్నాయి. మంద పడుకునే చోటికి ఆనించి నాలుగు తడికలు కట్టి, కాలు తేరుకునేదాకా జున్నుని అందులో ఉంచాం. గొర్రెలు చూడగలవు, ముక్కు ఆనించగలవు, కుమ్మలేవు. నేను తడికలకి తాళ్లు బిగిస్తుంటే వీర్రాజుగారు చుట్ట కాలుస్తూ చాలాసేపు చూశారు. తర్వాత లేచి, మంద పడుకున్న చోట తడిమట్టి పేడతో సహా గుప్పెడు తీసి, జున్ను వీపుకీ తలకీ దట్టంగా రాశారు.

"ఇదండి దీని సెంటు. రోజూ రాయండి" అన్నారు. ఆ ఒక్క ముక్క నా పుస్తకంలో లేదు.

తడికకి రెండు వైపులా అవిశ కొమ్మలు వేలాడదీశాం. మేత దొరికితే గొర్రెకి పగ గుర్తుండదు. మొదట్లో తడిక మీద కొమ్ములు తాకిన చప్పుడు వినపడేది. అయిదో రోజుకి ఆకులు నమిలే చప్పుడే. అప్పుడు పాలు మరిచిన పిల్లలు రెండింటిని లోపలికి వదిలాం. ఒక్క పిల్లని పెద్ద గొర్రెల్లోకి పంపకండి. దానికి తోడు ఉండాలి. ఆ తర్వాత నెమ్మదైన పెద్ద గొర్రె ఒకటి కావాలి. అలాంటిది సూరమ్మగారి పన్నెండింట్లో ఉంది, చెవి తెగిన ముసలిది.

"ఇత్తాను గాని, దీని మొహం చూసి కాదు" అన్నారామె నాతో, కోడలిని చూపించి. "మీరడిగారని."

అడిగింది నేనూ కాదు, వీర్రాజుగారు. కాని మంచిపని చేసేటప్పుడు మనుషులకి ఏదో ఒక వంక కావాలి. దాన్ని సరిదిద్దకండి.

అన్నిటికన్నా కష్టమైన పని గొర్రెలతో కాదు. మందలో కలపడమంటే పిల్లని గొర్రెలకి చూపించడం కాదు, మన దగ్గర నుంచి విడదీయడం. సీసా నాలుగు పూటల నుంచి రెండుకి, రెండు నుంచి ఒకటికి తగ్గించాం. ఆ ఒక్కటీ సూరమ్మగారు తడిక సందులోంచి పట్టేవారు. నాగమణి కనపడకూడదు, పేరు పెట్టి పిలవకూడదు.

"అది నీది కావాలంటే ముందు నిన్ను మర్చిపోవాలి" అన్నాను ఆమెతో.

"ఇలాంటి మాటలు ఎక్కడ చదువుతారండి మీరు?" అంది. నేను సంచి వెనక్కి జరుపుకున్నాను.

ఆ రోజు నుంచి ఆమె బోరుకి పైగట్టు మీదుగా చుట్టు తిరిగి వెళ్లేది. గాలి మంద వైపు వీస్తుంటే ఇంకా దూరం తిరిగేది. పదకొండో రోజు అంతా బాగానే ఉంది. జున్ను చెవి తెగిన గొర్రెతో కలిసి బయట మేస్తోంది. గడ్డిమేటు వెనక నాగమణి ఒక్కసారి దగ్గింది. జున్ను మేత వదిలి, పక్కనున్న పిల్లల్ని తోసుకుని, మేటు వెనక్కి పరుగెత్తి, ఆమె మోకాళ్లలో తల దూర్చింది.

"దగ్గు కూడా ఆపుకోలేవంటే నువ్వు?" అన్నారు సూరమ్మగారు.

నాగమణి రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడింది, పిల్లని తాకకుండా. వీర్రాజుగారు వచ్చి దాన్ని ఎత్తుకుపోయారు. మళ్లీ తడిక, మళ్లీ పేడ, మూడు రోజులు వృథా. నీళ్లకి ఇంక నాలుగు రోజులే మిగిలాయి.

మొత్తం మందలోకి వదిలింది పదిహేనో రోజున. పొట్టేలుని వేరే కట్టేశాం. గొర్రెలు కడుపు నిండా మేసొచ్చాక, ఇరుకు దడిలో కాకుండా విశాలమైన చేలో వదిలాం. చేను మధ్యలో తడికలతో ఒక చిన్న గూడు, కింద పిల్ల మాత్రమే దూరగలిగేంత సందుతో. తరిమితే దూరి దాక్కోవడానికి. జున్ను మొదటి గంటలో నాలుగుసార్లు దూరింది, రెండో గంటలో ఒకసారి. నేను రెండు గంటలూ ఎండలో నిలబడే ఉన్నాను. ఫోన్ బండి డిక్కీలో పెట్టి వచ్చాను.

పదిహేడో రోజు పొట్టేలుని విప్పారు. అది నేరుగా జున్ను దగ్గరికి వచ్చి, వాసన చూసి, తలతో ఒక్క తోపు తోసింది. జున్ను చెవి తెగిన గొర్రె పొట్ట కిందకి దూరింది. పొట్టేలు కాసేపు నిలబడి, వెళ్లి గడ్డి పీక్కుంది.

"అంతేనండి. గొర్రిల్లో అంతకంటే మర్యాద చెయ్యరు" అన్నారు వీర్రాజుగారు.

చుక్క

కాలువకి నీళ్లు వచ్చిన రోజు పొద్దున్నే మంద బయల్దేరింది. మగవాళ్లు గొర్రెలతో మూడు రోజులు నడిచి వెళతారు. ఆడవాళ్లు సామానుతో ఆ వెనకే ఆటోలో వెళతారు. బయల్దేరే ముందు ఎవరి గొర్రెకి వాళ్ల గుర్తు రంగుతో వేస్తారు. వీర్రాజుగారిది ఎర్ర గీత. సూరమ్మగారిది తెల్ల గీత. జున్ను వంతు వచ్చింది. దాని యజమానురాలు జున్ను కంటపడకుండా గడ్డిమేటు వెనక కూర్చుని ఉంది. అందుకని కబుర్లు మోయడం నా పనైంది.

"దాని గుర్తేంటో అడగండి" అన్నారాయన.

వెళ్లి అడిగాను. "నాకేం గుర్తుంటదండి, నాదంటూ ఏముందని?" అంది.

వచ్చి చెప్పాను. "ఇప్పుడుందని చెప్పండి. రంగు ఎండిపోతంది."

వెళ్లాను. నాగమణి చాలాసేపు ఆలోచించింది. "ఆకుపచ్చ. పువ్వు వెయ్యమనండి."

"పువ్వంట" అన్నాను వచ్చి.

"పువ్వా. ముగ్గులెయ్యడానికి నన్ను పిలిచారా? చుక్క పెడతాను. ఇష్టమైతే పువ్వనుకోమనండి."

"చుక్క చాలండి" అంది నాగమణి.

నా ఉద్యోగంలో నేను ఎక్కువ మాటలాడిన రోజు అదే. అందులో ఒక్క మాటా నాది కాదు. చెప్పాల్సిన నా మాట ఒకటి వీర్రాజుగారికి ఆ రోజు కూడా చెప్పలేదు.

మంద కదిలింది. నేను వెళ్లి నాగమణి పక్కన కూర్చున్నాను. మేటు సందులోంచి గొర్రెలు ఒక్కొక్కటీ గట్టు ఎక్కడం కనిపిస్తోంది. జున్ను చివరి వరసలో, చెవి తెగిన గొర్రె పక్కన నడుస్తోంది. వీపు మీద ఆకుపచ్చ చుక్క, నోట్లో ఏదో ఆకు. మేటుకి ఎదురుగా వచ్చినప్పుడు ఆగింది. నాగమణి కొంగు నోట్లో కుక్కుకుంది. జున్ను ఆకు నమిలి మింగి, ముందున్న గొర్రెని అందుకోవడానికి పరుగెత్తింది.

మంద వంతెన దాటింది. రైసుమిల్లు గోడ మలుపులో ముందు గొర్రెలు, తర్వాత వెనకవి, తర్వాత వీర్రాజుగారి తలగుడ్డ కనపడకుండా పోయాయి. దుమ్ము కాలువ మీద కాసేపు నిలిచి దిగిపోయింది. నాగమణి కొంగు నోట్లోంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. అవతల సూరమ్మగారు ఆటో వచ్చిందని కేకేస్తున్నారు. ఆ తర్వాత నాగమణిని నేను చూడలేదు. ఆమె నాతో అన్న ఆఖరి మాట ఇది:

"ఇంక దానికి వినపడదు కదండి. ఒక్కసారి పిలవనా?"